మనోవ్రణములు

వంటయింటిలో కత్తిపీట తగిలి వ్రేలు తెగినచో ఇల్లంతయు కదలును. ఒకరు పసుపు దెత్తురు, ఒకరు గుడ్డ చింపుదురు, ఒకరు "తడి తగలనీయకు" అని మందలింతురు. అదే యింటిలో ఒక మాట తగిలి మనసు తెగినచో, "అంతమాత్రానికేనా?" యని యొకరును, "పెద్దవాళ్లు అన్నారు, పడాలి" యని మరియొకరును చెప్పి యెవరి పనికి వారు పోవుదురు. వ్రేలి గాయము వారము దినములలో మానును. రెండవదాని సంగతి యెవరును మరల విచారింపరు.

బాణములు చేసిన గాయము మానునుగాని పరుషవాక్యము చేసిన గాయము మానదని విదురుడు ధృతరాష్ట్రునకు జెప్పినట్లు భారతమున ఉద్యోగపర్వమునందు గలదు. ఈ మాటను నేను నలువది యేండ్లకు పైగా నమ్మితిని. నమ్ముట యననేల? నా కోపమునకు దానిని ప్రమాణపత్రముగా దాచుకొంటిని. ఇప్పుడు నాకు వేరొక సంగతి తోచుచున్నది. మానకపోవుట ఆ గాయమునకు స్వభావము కాకపోవచ్చును. చికిత్స చేయువారు లేకపోవుటయే కారణము కావచ్చును. ఈ సంగతి నేను పుస్తకములలో కంటె నా యింటిలోనే, ఆలస్యముగా, కొంత నష్టపడిన పిమ్మట నేర్చుకొంటిని. నావంటి గృహిణుల కుపయోగపడునేమో యను నాశతో సిగ్గు విడిచి వ్రాయుచున్నాను.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874వ సంవత్సరమున ధవళేశ్వరమునందు బాలికా పాఠశాల స్థాపించిరి. ఆ యేడే "వివేకవర్ధని" పత్రికయు ఆరంభించిరి. సరిగా నూరేండ్లకు, 1974లో, ఆ యూరికి కొన్ని క్రోసుల దూరమున నున్న మా గ్రామములో నేను పదవ తరగతి పరీక్షయందు మా పాఠశాలకు ప్రథమురాలనైతిని. మా నాన్నగారు దుర్మార్గులు కారు. మా వసారా గోడకు పంతులుగారి పటము వ్రేలాడుచుండెడిది. పత్రిక వచ్చిన దినమున దానిని పైకి చదివి యందరికి వినిపించుచుండెడివారు. కాని మాకున్న మూడెకరముల ఫలసాయముతో ఒక్కరినే పట్టణమునకు బంపి చదివింపవచ్చును. మా యన్నయ్య నాకంటె రెండేండ్లు పెద్ద. అతడు కళాశాలలో చేరవలసిన యేడును అదియే.

ఒక సాయంకాలము అరుగుమీద నలుగురు పెద్దమనుషులు కూర్చుండిరి. నేను కాఫీ గ్లాసుల పళ్లెముతో తలుపు వెనుకకు వచ్చితిని. "అమ్మాయి ఫస్టు వచ్చిందటగా, కాలేజీలో వేస్తారా?" అని యొకరు అడిగిరి. నాన్నగారు నవ్వి, "ఆడపిల్లకు చదువు చెప్పించడమంటే పక్కింటి చెట్టుకు నీళ్లు పోయడమే కదండీ!" అనిరి. అందరును నవ్విరి. నేను పళ్లెము తీసికొనిపోయి ఒక్కొక్కరికి కాఫీ యిచ్చితిని. ఒక చుక్కయు తొణకలేదు. మరునాడు నా నోటుపుస్తకములలో వ్రాయక మిగిలిన కాగితములను చింపి, కుట్టి, పాలలెక్క వ్రాయుటకు పుస్తకముగా చేసిరి.

చదువు ఆగిపోయినందుకు నేనేడ్చితిని. అయినను దానిని కొంతకాలమునకు సహించియుందును. "తల్లీ, ఇద్దరినీ చదివించే శక్తి నాకు లేదు" అని ఒక్కమాట అనియుండినచో నాన్నగారి చేయి పట్టుకొని ఊరడించియుందును. నన్ను గోసినది ఆ నిర్ణయము కాదు, ఆ నవ్వు. నా జీవితములో నాకు మిక్కిలి ప్రియమైన వస్తువు పదిమందికి వినోదమైనది.

ఆ దినమునుండి నేను నాన్నగారితో తగువాడలేదు. మాట మీరలేదు. 1978లో చూపిన సంబంధము చేసికొంటిని. నా భర్త సాధుస్వభావులు. కాపురమునకు లోటు లేదు. కోపమంతయు అన్నయ్యమీదికి మరలినది. అతడు ఇంజనీరయ్యెను, ఇల్లు కట్టెను. ప్రతియేట కార్తిక శుద్ధ విదియనాడు భగినీహస్త భోజనమునకు మా యింటికి వచ్చుచుండెను. అతనికి ప్రీతియని గుత్తివంకాయ కూరయు పులిహోరయు చేసి, విస్తరి వేసి, వడ్డించి, వంటయింటిలోనికి బోయి నిలుచుండెడిదానను. అన్నము పెట్టితినిగాని యేనాడును ఎదుట కూర్చుండి మాటాడలేదు. "చెల్లెలు తక్కువ మాట్లాడుతుంది" అని లోకము మెచ్చుకొనెను. 1996లో నాన్నగారు గతించిరి. అప్పుడు సైతము ఆ నవ్వు నా చెవులలో నుండెను.

1984లో నాకు కుమార్తె కలిగినది. పురిటిమంచము మీదనే యొక ప్రతిజ్ఞ చేసికొంటిని: నాకు దొరకని చదువు దీనికి దొరకవలెను. ఇందులో తప్పేమి? స్త్రీవిద్యను గోరువారందరును నన్ను మెచ్చుకొనిరి. నేనును నన్ను మెచ్చుకొంటిని. పిల్ల బొమ్మలు చక్కగా వేసెడిది. గోడమీద, పలకమీద, చాకలిపద్దు వెనుక, ఎచ్చట చూచినను పక్షులు. నేను వానిని తుడిచి ఎక్కములు వ్రాయించితిని. ఒకనాడు నూటికి తొంబదిరెండు మార్కులు తెచ్చి పరుగున వచ్చి చూపినది. "ఆ ఎనిమిదీ ఏమయ్యాయి?" అని యడిగితిని. ఆ తరువాత అది మార్కుల కాగితమును బల్లమీద పెట్టి పోవుచుండెడిది, చేతికిచ్చుట మానినది.

పదవ తరగతి కాగానే ఎంసెట్ పరీక్షకై దానిని ఒక వసతి కళాశాలలో చేర్పించితిమి. తెల్లవారుజాము మొదలు అర్ధరాత్రివరకు చదువు. దసరా సెలవులకు వచ్చినప్పుడు అది, "అమ్మా, అక్కడ నాకు నిద్ర పట్టట్లేదు. ఇంట్లో ఉండి చదువుకుంటాను" అన్నది. ఇరుగుపొరుగు స్త్రీలు మువ్వురు అప్పుడు నా యొద్ద నుండిరి. నేను వారివైపు చూచి నవ్వి, "నాకైతే చదువే దొరకలేదు, మహారాణిగారికి నిద్ర దొరకలేదట!" అంటిని. వారును నవ్విరి. పిల్ల లోపలికి వెళ్లి పెట్టె సర్దుకొన్నది.

చదువరులు ఇక్కడ ఆగి నన్ను నిందింపవచ్చును. అరుగుమీది నవ్వునకును నా నవ్వునకును భేదమేమని యడుగవచ్చును. ఆ ప్రశ్న నాకు తోచుటకు పదునెనిమిదేండ్లు పట్టినది.

అమ్మాయి చదివినది, ఉద్యోగము సంపాదించినది, హైదరాబాదులో కాపురము పెట్టినది. ఆదివారమునాడు టెలిఫోను చేయును. "తిన్నావా?" "తిన్నాను." "అల్లుడుగారు బాగున్నారా?" "బాగున్నారు." ఇంతటితో సరి. నేను దీనిని పట్టణపు తీరికలేమి యనుకొంటిని.

2019 వేసవిలో వారింటికి వెళ్లియుంటిని. మా మనుమరాలికి అప్పుడు ఆరేండ్లు. తల్లి పెట్టిన చిన్న పరీక్షలో పదింట తొమ్మిది వచ్చినవని గంతులు వేయుచు కాగితము తెచ్చినది. నా కూతురు దానిని చూచి, "ఆ ఒక్కటీ ఏమైంది?" అన్నది. అని, వెంటనే చేతితో నోరు మూసికొన్నది. పిమ్మట నావైపు చూచినది. ఆ చూపులో కోపము లేదు. భయము మాత్రముండెను. ఆరేండ్ల పిల్ల కాగితమును వెనుకకు దాచుకొన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భారతమే మరల జ్ఞప్తికి వచ్చినది. కుమారుల యస్త్రవిద్యా ప్రదర్శనమున కర్ణుని కులమడిగి యవమానించిరి. దుర్యోధనుడు అంగరాజ్యమిచ్చి ఆ గాయమును గప్పెనుగాని మాన్పలేదు. కప్పిన గాయము ద్యూతసభలో బయటపడినది. నాడు రంగస్థలమున హేళన చేసినవాడు భీముడు. సభలో కర్ణుని నోట బడినది ద్రౌపది. మరియు కుంతి తన కన్నెనాటి రహస్యమును యుద్ధము ముగిసి తర్పణములు విడుచువేళ గాని కొడుకులకు జెప్పలేదు. ధర్మరాజు దుఃఖము తల్లిపై గోపమాయెను. ఆ కోపము శాపమై, తల్లిని దాటి, స్త్రీజాతి యంతటిపై బడెను. గాయపడినవాడు గాయము చేసినవానినే తిరిగి కొట్టుట లోకములో అరుదు. తనకంటె బలహీనుడు, తనకు దగ్గరివాడు, తన్ను విడిచి పోలేనివాడు ఎవడో వానినే కొట్టును. ఆ బలహీనుడు మన యిండ్లలో బిడ్డయో కోడలో అగును. అత్తగారి యారళ్లు పడిన కోడలే కఠినురాలగు అత్త యగుట మన మెరుగనిది కాదు.

నా విషయమున మరియొక చిక్కుండెను. నా గాయము సంస్కారమను వస్త్రమును గట్టుకొనియుండెను. ఆడపిల్ల చదువు మంచిది. అందు సందేహము లేదు. కాని నేను చదివించినది నా కూతురిని గాక, తలుపు వెనుక పళ్లెము పట్టుకొని నిలిచిన పదునైదేండ్ల పిల్లను. ఎదుటనున్న పిల్లకు నిద్ర లేదన్న సంగతి నా కెట్లు వినబడును?

మరునాడు అమ్మాయి ఆ దసరా సంగతి మొదటిసారి నాకు చెప్పినది. చెప్పునప్పుడు దాని గొంతు పదునాఱేండ్ల పిల్ల గొంతువలె నుండెను. నేను తొందరపడి, "తప్పే తల్లీ, కాని నీ మేలు కోరే కదా..." అంటిని. అది నన్ను మధ్యలో ఆపి, "అమ్మా, నువ్వు చెప్పదలచుకున్నది ఆ 'కాని' తరవాతి మాటే. ముందుది కాదు" అన్నది. నాకు కోపము వచ్చినది. ఊరికి తిరిగి వచ్చితిని. నెలదినములు ఆ మాటనే నమలుచుంటిని. అది నిజమని పిమ్మట తెలిసినది.

ఆ దినములలో ఒక వ్యాసమున ఒక పరిశోధనను గూర్చి చదివితిని. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నీబేకర్, శాండ్రా బీల్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు దానిని ప్రకటించిరి. వారు కళాశాల విద్యార్థులచే వరుసగా నాలుగు దినములు, దినమునకు పదునైదు నిమిషముల చొప్పున వ్రాయించిరి. కొందరు సామాన్య విషయములను వ్రాసిరి. తమ జీవితములోని కఠినమైన అనుభవమును గూర్చి కొందరు జరిగిన దానిని మాత్రము, కొందరు అప్పటి భావములను మాత్రము, కొందరు రెండింటిని గలిపి వ్రాసిరి. భావములను వ్రాసినవారికి అప్పటికప్పుడు మనసు మరింత బరువెక్కినది. కాని రెండును గలిపి వ్రాసినవారు తరువాతి ఆరు నెలలలో వైద్యునియొద్దకు తక్కువ పర్యాయములు వెళ్లిరట. తరువాతి పరిశోధనలలో ఈ ఫలము అందరియందును సమానముగా గనబడలేదు. అయినను ఖర్చు లేని మందు గదా యని నేనును మొదలుపెట్టితిని.

మొదటి రాత్రి వ్రాసినదంతయు తిట్లే. రెండవ రాత్రి ఆ సాయంకాలమున ఎవరెవరు కూర్చుండిరి, ఎన్ని గ్లాసులుండెను, ఎవరేమనిరి, నేనెటు చూచితిని యని వ్రాసితిని. మూడవ రాత్రి అన్నయ్యను గూర్చి వ్రాయబోయి కలము ఆగినది. అతడు చేసిన తప్పేమో వ్రాయుటకు నాకు దొరకలేదు. నాలుగవ రాత్రి నా కూతురిని గూర్చి వ్రాసితిని. తెల్లవారుసరికి కన్నులు వాచినవి. మనసు తేలికపడినదని చెప్పను. కాని యేది యెక్కడ నొప్పియో తెలిసినది. వైద్యుడు మొదట నొప్పి యెక్కడనియే కదా అడుగును!

ఆ కార్తికమున అన్నయ్య భోజనమునకు వచ్చినప్పుడు వంటయింటిలోనికి పోలేదు. ఎదుట కూర్చుండి అరుగుమీది మాట జ్ఞాపకమున్నదా యని అడిగితిని. తెలియదనునని నా నమ్మకము. అతడు చేతిలోని ముద్దను విస్తరిలో పెట్టి, కొంతసేపటికి, "ఉందమ్మా. నేనూ నవ్వాను. నేనేమైనా అంటే నా చదువూ ఆపేస్తారేమోనని భయపడ్డాను" అనెను. పిమ్మట, "ఏ సబ్జెక్టు తప్పినా అమ్మ 'చెల్లెలి చదువు తిన్నావు, అదైనా అరిగించుకో' అనేది. నువ్వు మాట్లాడకపోతే ఎందుకో నాకు తెలుసు. అడిగే ధైర్యం లేకపోయింది" అనెను. అరువది దాటిన యిద్దరము విస్తరి యెదుట కూర్చుండి యేడ్చితిమి. నలువదియైదేండ్లు నేను ద్వేషించిన వానికిని అదే యింటిలో, అదే యేట గాయమైనదని నేనెన్నడును ఊహింపలేదు. ఎవరును అడుగకపోవుట చేత యెవరును చెప్పలేదు.

తరువాత కూతురి యింటికి వెళ్లితిని. ఈసారి చెప్పవలసిన దానిని ముందుగానే కాగితముమీద వ్రాసి "కాని"లను కొట్టివేసితిని. "ఆ దసరాకు నిద్ర పట్టడం లేదని నువ్వు చెబితే, నలుగురి ముందు నిన్ను చూసి నవ్వాను. నువ్వు సాయం అడిగావు, నేను పరిహాసం చేశాను. నీ బొమ్మలు తుడిచేశాను. అది తప్పు" అంటిని. క్షమింపుమని యడుగలేదు. అడిగినచో అది మరల దాని నెత్తిన నొక పని పెట్టుట యగును. అది యేమియు ననలేదు. కొంతసేపటికి లేచి నాకు కాఫీ తెచ్చి యిచ్చినది.

ఈ యనుభవమువలన నేను గ్రహించినది కొంచెమే. పుండు పైకి మాని లోపల చీము పట్టియుండునట్లే మరచితినను గాయము లోపల నుండును. దానిని జరిగినది జరిగినట్లు, నొప్పినది నొప్పినట్లు ఒకచోట చెప్పుకొనవలెను. ఎవరు చేసిరో వారికే దానిని లెక్కగట్టవలెను. పక్కవారి పద్దున వ్రాయరాదు. మనము చేసిన గాయమునకు కారణములు చెప్పక గాయమును మాత్రమే చెప్పి తలవంచవలెను. కారణములు వినగోరుదురేని వారే యడుగుదురు.

అయితే ఈ మాటలను దుర్వినియోగము చేయువారుందురు గనుక ఒక హెచ్చరిక చేయవలసియున్నది. నేటికిని దెబ్బలు తినుచున్న స్త్రీకి "మనసులోని గాయము మాన్పుకో, సర్దుకో" అని బోధించుట పాపము. ముందుగా దెబ్బ ఆగవలెను, తరువాత మందు. 2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టము కొట్టుటనే గాక అవమానపు మాటలను, మానసిక హింసను సైతము హింసగా బరిగణించినది. క్షమించుట బాధితుల యిష్టమేగాని ఋణము కాదు. చెడినది నిద్రా ఆహారములైనప్పుడు, చావు తలంపులు వచ్చినప్పుడు, ఇంటి చిట్కాలు చాలవు; జ్వరమునకు వైద్యునియొద్దకు బోయినట్లే మనోవైద్యునియొద్దకు బోవలెను. 2022నుండి ప్రభుత్వమువారు నడుపుచున్న టెలి మానస్ సంస్థ 14416 అను సంఖ్యకు ఫోను చేసినవారితో రేయింబవళ్లు తెలుగులో సైతము మాటాడుచున్నది. అప్పుడు మా అమ్మాయికి నిద్ర పట్టలేదన్న దినమున ఇట్టిది లేదు. తల్లి యుండెను, తల్లి నవ్వినది.

నాన్నగారు నాకు క్షమాపణ చెప్పలేదు, ఇక చెప్పబోరు. ఆ వెలితి వెలితిగానే యున్నది. వారికి సైతము ఎవరి నవ్వు తగిలియుండెనో యని యప్పుడప్పుడు ఆలోచింతును. ఆలోచించినంత మాత్రమున నొప్పి పూర్తిగా పోలేదు. విదురుని మాటలో నిజము లేదని నేననను. మచ్చ యున్నది. చేయి పెట్టి చూచిన తెలియును. కాని చీము లేదు.

మా అమ్మాయి యిప్పుడు ఆదివారము గాక నడుమ దినములలోను ఒక్కొక్కప్పుడు ఫోను చేయుచున్నది. అన్ని సంగతులు చెప్పదు. కొన్ని చెప్పును. కడచిన సంక్రాంతికి వచ్చినప్పుడు మనుమరాలు ఒక కాగితము తెచ్చి నా యొడిలో పెట్టినది. దానినిండ పక్షులు. ఒక పక్షికి ఒకటే రెక్క యుండెను. రెండవ రెక్క యేమైనదని నా నాలుక చివరకు వచ్చినది. ఆపుకొని, "ఇదెవరమ్మా?" అంటిని. అది నా పక్కన చేరగిలబడి చెప్పసాగినది. వాకిట ముగ్గు పెట్టుచున్న దాని తల్లి, ముగ్గుగిన్నె క్రింద పెట్టి, మా మాటలు వినుచు నిలుచుండెను.